దొర ముందు చెప్పిన చుట్టరికం

మామ తిరిగి సైగోన్ వెళ్ళే ఓడకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. నన్నూ వెంట తీసుకుపోవాలంటే ఫ్రెంచి కచేరీలో పెళ్ళి కాగితం పుట్టించాలి. మామ అంటే మా అమ్మకు స్వయానా తమ్ముడు, అంతకు ముందు వారమే నా మెడలో తాళి కట్టినవాడు. నన్ను కని అమ్మ పోతే పెంచింది అమ్మమ్మ. ఈ పెళ్ళితో ఆమె నాకు అత్త కూడా అయింది.

మా ఊరు రెడ్డియార్‌పాళయం నుంచి ముగ్గురం కచేరీకి నడిచి వెళ్ళాం. అక్కడి దొర ఏదో అడిగాడు. దాన్ని దుబాసీ మాకు తెలుగులో చెప్పాడు, "పెళ్ళికి ముందు మీకేమన్నా చుట్టరికముందా?" అని.

మామ నోరు తెరిచేలోగా అమ్మమ్మ అందుకుంది. ఇంత మంచి సంబంధం గురించి దొరకు గొప్పగా చెప్పుకోకపోతే ఎట్లా!

"ఏంది సామీ అట్లడగతావు? నా కొడుక్కి నా కూతురి బిడ్డనే చేసుకున్నా. ఇంతకన్నా దగ్గర సొందం యాడ దొరకతాది? దొరకి బాగా చెప్పు!"

దుబాసీ బాగానే చెప్పాడు. దొర కలం కింద పెట్టేశాడు.

సైగోన్ ఉద్యోగం కోసం మామ ఎప్పుడో మన ఆచారం వదులుకుని ఫ్రెంచి చట్టం ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. ఆ చట్టంలో మేనమామకూ మేనకోడలికీ పెళ్ళి కుదరదట. కుదరాలంటే ప్యారిస్‌లో దేశాన్నేలే పెద్దదొర అనుమతియ్యాలట. అర్జీ పోయి రావడానికే నెలలు పడతాయి. మామకు మళ్ళీ సెలవు ఎన్నేళ్ళకో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మామ మెట్ల మీదే కూలబడ్డాడు.

"ఆ పెద్దదొరకి అక్కచెల్లెళ్ళు లేరా? వాళ్ళ బిడ్డల్ని యాడిస్తాడో!" అని అమ్మమ్మ తిట్టిపోసింది. నాకు ఏడుపు ఆగలేదు.

దుబాసీ జాలిపడి బయటికొచ్చాడు. "ఈ దొర ఇంకా ఏమీ రాయలేదు. శుక్రవారం వేరే దొర కూర్చుంటాడు. చుట్టరికం లేదని చెప్పండి," అన్నాడు. నేను పుట్టింది ఇంగ్లీషువాళ్ళ ఎల్లలోని పల్లెలో. పుట్టిన కాగితమే లేదు. ఎవరి బిడ్డనంటే వాళ్ళ బిడ్డనే.

శుక్రవారం కొత్త దొర అమ్మమ్మనే అడిగాడు, పిల్లలెంతమంది అని.

"ఒక కొడుకు."

"కూతుళ్ళు?"

అమ్మమ్మ నా వైపు చూసింది. "లేరు సామీ. నాకు కూతురే పుట్టలా."

వేలిముద్ర వేయించుకుని కాగితం ఇచ్చారు. ఇంటికొచ్చాక అమ్మమ్మ పెట్టెలోంచి మా అమ్మ చీర తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఓడ ఎక్కే రోజు రేవు వంతెన మీద జవాను మా కాగితాలు చూశాడు. అమ్మమ్మ నా చెయ్యి వదలడం లేదు.

"ఈమెవరు?" అన్నాడు జవాను.

"మా అత్త," అన్నాను.

"అవునప్పా, నా కోడలే," అంది అమ్మమ్మ, చెయ్యి వదిలేస్తూ.

ఆమెను అత్త అనడం నాకదే మొదటిసారి. అమ్మమ్మా అని పిలవడానికి మళ్ళీ ఆమె నాకు దొరకలేదు.