కత్తెర పడని టోపీ

సూర్యాపేటలో మా వదిన పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను కోదాడలో వాకిలి ఊడుస్తున్నాను. నెత్తిన ఆమె కుట్టిన టోపీయే ఉంది. తీయాలా, ఉంచుకోవాలా? బస్సు దిగేదాకా తేలలేదు. అలాగే వెళ్లి శవం పక్కన కూర్చున్నాను. చూసినవాళ్లు ఏమనుకున్నా నాకు అక్కర్లేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నాకు తెగని సంగతి ఒకటుంది, చదివే మీరే చెప్పాలి.

మా అన్న భార్య ఆమె. సంతలో కుప్పపోసి అమ్మే పాత స్వెటర్లు ఏరి తెచ్చి, వేడినీళ్లలో ఉతికి, టోపీలు కుట్టేది. స్వెటరు కింది పట్టీ టోపీకి అంచయ్యేది. చేతులు చంటిపిల్లల టోపీలయ్యేవి. తెల్లారకముందే మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఆ టోపీల కోసం ఎదురుచూసేవారు. అల్లిక బట్ట ముందు కోస్తే పోగులు ఊడిపోతాయి. అందుకని స్వెటరు మీదే టోపీ ఆకారం కుట్టి, ఆ కుట్టు బయట కోసేది. "ముందు కుట్టు, ఎన్క కత్తెర" అని మిషను తొక్కుతూ తనకు తానే చెప్పుకునేది.

మొదట్లో నాకు రోతగా ఉండేది.

"ఎవరు తొడిగిండ్రో, ఎవరు సచ్చిండ్రో. గవి తెచ్చి నా నెత్తిన పెడతవా?" అన్నాను.

"నీ నెత్తికి సలి పెడుతున్నదా లేదా? గది చెప్పు ఆడబిడ్డా" అంటూ టోపీని నా చెవులదాకా లాగింది. ఆ వెచ్చదనానికి ఆ పూటంతా దాన్ని తీయనేలేదు.

పోయినవాళ్ల బట్టలు మా ఇళ్లలో ఉంచరు. దినాలు అయ్యాక మూటగట్టి ఊరిబయట వదిలేస్తారు. మా మేనల్లుడు తల్లి చీరలతోపాటు స్వెటర్లతో ఆమె కుట్టిన టోపీల సంచీని కూడా గడప దాటించాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"గివి మీ అమ్మ బట్టలెట్లయితయిరా? ఒక్కనాడన్న తొడిగిందా?"

"అమ్మ చెయ్యి పడ్డయి గదా అత్తా."

"ఆ చెయ్యి నీ ఈపు మీద గూడ పడ్డది. నిన్ను గూడ పారేద్దామా?"

వాడు నవ్వలేదు. "సచ్చినోళ్లవి నాకొద్దని గప్పుడు అన్నది నువ్వే గదా" అన్నాడు.

అన్నది నేనే. సంచీని మాత్రం వదల్లేదు. కాసేపటికి వాడే దాన్ని నేనెక్కబోయే ఆటోలో పెట్టి, "తీస్కపో అత్తా, నాకేం సమజైత లేదు" అన్నాడు.

కుట్టినవన్నీ మిల్లులకు పంపాను. ఒకటి మిగిలింది. ఆమె పోయిననాడు మిషను సూది కిందే ఉండి, తర్వాత ఆ సంచీలో చేరిన గోధుమరంగు స్వెటరు. టోపీ ఆకారం మొత్తం కుట్టింది, కత్తెర పెట్టలేదు. అది స్వెటరా, టోపీయా? పరాయివాళ్లదా, ఆమెదా? కొలత మాత్రం నా తలంతే ఉంది.

కత్తెర చేతిలోకి తీసుకుంటాను, పక్కన పెట్టేస్తాను. కోస్తే ఆమె పని అయిపోతుంది. అది కావాలో వద్దో నాకు తెలియడం లేదు.

ప్రస్తుతం దండెం మీద ఉంది. కింది నుంచి గాలి దూరినప్పుడల్లా ఆ స్వెటరు కడుపులో టోపీ ఒక్కటే ఉబ్బుతుంది, లోపల ఎవరిదో తల ఉన్నట్టు.