కిక్కిసలో రెండు దెబ్బలు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మండవల్లి బడిలో నలభై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. సరే, ఇరవై ఆరేళ్ళు. పెంచి చెప్పడం నాకున్న జబ్బు. "కొల్లేట్లో చేపలు కూడా మీ మాట నమ్మవండీ" అంటుంది మా ఆవిడ.

కుర్రతనంలో నేనూ, నా స్నేహితుడు సూరిబాబూ సెలవొస్తే చాలు, చెరో తాటిదోనె వేసుకుని కొల్లేట్లోకి పోయేవాళ్ళం. అప్పటికింకా చేపల చెరువులు రాలేదు. ఎటు చూసినా మనిషెత్తు కిక్కిస గడ్డి. అందులో దూరితే ఒకళ్ళకొకళ్ళం కనపడం. అందుకని దోనె తోసే గెడతో అంచు మీద రెండు దెబ్బలు కొట్టేవాళ్ళం, 'ఉన్నావా' అని. అవతలివాడు రెండు కొడితే 'ఉన్నాను' అని. ఆ చప్పుడూ, ఆ నీళ్ళ వాసనా, వాడు తెచ్చే చద్దన్నం, ఉప్పుచేపా తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

ఒక మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. వాడి దోనె తిరగబడింది. మనిషి దక్కలేదు. నేనెంత వెతికానో, ఎన్నిసార్లు బదులు కొట్టానో ఊరందరికీ చెప్పాను.

అప్పట్నుంచీ ఎవరు తలుపు కొట్టినా ఒళ్ళంతా వణుకు, చెమటలు. యాభై ఏళ్ళు అలాగే గడిచాయి. ఈమధ్య ఏలూరులో ఒక డాక్టరుగారు ఇలాంటి పాత భయాలకి తల మీద అయస్కాంతం పెట్టి, మెదడుని బయటినుంచే కదిలించే పరిశోధన చేస్తున్నారంటే చేరాను. పోల్చి చూడ్డానికి కొందరికి అసలు మిషను, కొందరికి ఉత్తి చప్పుడు చేసేది. ఎవరికేదో ఆఖర్న చెబుతారు.

మిషను టకటకా కొట్టి, కాసేపు ఆగుతుంది. ఆరో రోజు అలా ఆగినప్పుడు రెండు దెబ్బలు వినపడ్డాయి. చెక్క మీద గెడ. ఆ గదిలో చెక్కన్నదే లేదు.

సూరిబాబు తడిబట్టలతో వచ్చి పక్కన కూర్చున్నాడని ఊళ్ళో చెప్పాను. అబద్ధం. ఎవరూ రాలేదు.

అంతకన్నా పాత అబద్ధం ఇంకోటుంది. ఆ గాలివానలో వాడు కొడుతూనే ఉన్నాడు. నేను బదులు కొట్టలేదు. కొడితే వాడి వైపు వెళ్ళాలి. భయపడి ఒడ్డుకి వచ్చేశాను.

ఈసారి కుర్చీ చెయ్యి మీద వేలితో రెండు కొట్టాను.

ఆ తర్వాత వణుకు లేదు. ఎవరు తలుపు కొట్టినా నేనే లేచి తీస్తున్నాను. నాకు పెట్టింది ఉత్తి చప్పుడు మిషనేనని డాక్టరుగారు ఆఖర్న చెప్పారు. అంతా నా మనసు చేసిన పనే అనుకుని ఊరుకుందును. కానీ మిషను చూసుకునే పద్మ అనే అమ్మాయి ఆ ఆరో రోజునే నన్నడిగింది.

"మీరు రెండు కొట్టారు, చూశానండీ మాస్టారూ. అంతకుముందు కొట్టిందెవరండీ?"

ఇందులో ఒక్క దెబ్బ కూడా నేను పెంచి చెప్పలేదు.