తాలు ఏరిన చేతులు

మీ గుంపులోంచి చివరిసారి ఎవరిని వెళ్ళగొట్టారో గుర్తుందా? సంఘమో, పార్టీయో, బంధువర్గమో, ఫోన్‌లో గ్రూపో, ఏదైనా సరే. "నేనెవర్నీ వెళ్ళగొట్టలేదండీ" అనబోతున్నారు. నేను నమ్మను. చాలా ఏళ్ళు నేనూ ఆ మాటే అన్నాను. నిన్న బీరువాలో పుస్తకాలు దులుపుతుంటే లావుపాటి పుస్తకంలోంచి ఒక అట్టముక్క జారిపడింది. దానిమీద కొరియా కుర్రాడు: పెదవులకు రంగు, చెవికి పోగు, అంచున ఎర్రటి కారం మరక. నిరుడు మా మేనకోడలు ఏ పేజీ దాకా చదివిందో గుర్తుకోసం పెట్టి మర్చిపోయింది. దేవుడి పటాలు ఇంట్లోకి రానివ్వని నా బీరువాలో ఈ పటం ఏడాదిపాటు హాయిగా కాపురం చేసిందన్నమాట.

నిరుడు మిరపకాయల రోజుల్లో పర్చూరు దగ్గర మా చెల్లెలి ఊరు వెళ్ళాను. గుంటూరులో డిగ్రీ చదివే మేనకోడలు సెలవులకు వచ్చి ఉంది. కల్లంలోకి అడుగుపెట్టగానే ఘాటు ముక్కుకెక్కి వరసగా నాలుగు తుమ్ములు. ఎండిన కాయల రాశి చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని ఏరి పక్కన పోస్తున్నారు. వాళ్ళ వెనక గోతాం మీద ఆరు ఫోన్లు బారుగా పెట్టి ఉన్నాయి. అన్నిట్లోనూ అదే కొరియా కుర్రాళ్ళ పాట, అవే గంతులు. చప్పుడు మాత్రం లేదు.

"వినేవాళ్ళు లేని పాట ఎందుకే?" అన్నాను.

"కొత్త పాట మావయ్యా. చూసినోళ్ళ లెక్క పెరగాలి. వీళ్ళందరి ఫోన్లూ అడిగి తీసుకున్నా."

"మేం కాయలేరతంటే మా ఫోన్లు భజన చేస్తన్నాయండీ!" అంది ఏరేవాళ్ళలో పెద్దామె. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అఖండ భజనలకు వ్యతిరేకంగా ఊరూరా మైకు పట్టుకుని గొంతు చించుకున్నవాణ్ణి. భజన చేసేవాడికి కనీసం గొంతైనా నొప్పెడుతుంది. ఇక్కడ అదీ లేదు. ఆ కుర్రాళ్ళకు ఎలా నవ్వాలో, ఎప్పుడు కన్నీళ్ళు పెట్టుకోవాలో నేర్పే కంపెనీ ఒకటుంటుందనీ, ఆ కన్నీళ్ళు అమ్మకానికేననీ, నువ్వు భక్తురాలివి కూడా కాదు సరుకువనీ కల్లంలోనే ఉపన్యాసం మొదలుపెట్టాను. మేనకోడలు అడ్డుపడకుండా అంతా విని, ఒక్క మాట అంది.

"మా ఫ్యాన్స్ గ్రూపులో ఇంతవరకూ నన్నెవరూ 'మీరేవిట్లు' అని అడగలేదు మావయ్యా. 'ఆ కుర్రాళ్ళలో నీకెవరిష్టం' అని అడిగారు, అంతే."

మా వైపు మనుషులకు ఈ మాట విలువ తెలుస్తుంది. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చేలోపే కులం తెలుసుకోడానికి ఇంటిపేరు అడుగుతారు, దాన్నిబట్టి చుట్టం వరసో, ఎడం పెట్టాలో తేల్చేస్తారు. నేను అరిచి అరిచి ఆపలేని ప్రశ్నను ఆ రంగుపెదాల కుర్రాళ్ళు ఆపారా? హాస్టల్లో దాని గదిలో ఉండేది దాచేపల్లి అమ్మాయి, ముస్లిం, తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఇద్దరూ ఒకే నోటుబుక్కులో కొరియా అక్షరాలు దిద్దుకున్నారట. "అంతకుముందు నేను ఫలానా వాళ్ళమ్మాయిని. ఆ గ్రూపులోకెళ్ళాకే నేనంటే నేనయ్యాను" అంది. నాకు ముచ్చటేసింది. అయినా అనుమానం వదల్లేదు.

"మరి ఆ దాచేపల్లి పిల్ల కూడా ఇప్పుడు ఫోన్లు పరుస్తోందా?"

తల వంచేసింది. ఆ పిల్ల వేరే బ్యాండు పాట బాగుందని గ్రూపులో అందట. ద్రోహం అన్నారు. గ్రూపు నడిపేవాళ్ళలో మా మేనకోడలూ ఒకతి, పేరు తీసేసింది కూడా అదే. మర్నాడు ఆ పిల్ల పరుపు చుట్టుకుని వేరే గదికి వెళ్ళిపోయింది. మళ్ళీ మాటల్లేవు.

"రూలంటే రూలు కద మావయ్యా" అంది, కళ్ళెత్తకుండా.

"చూశావా! వెలి! పాత వెలే!" గెలిచినట్టు అరిచాను.

"మీ సంఘం గుండు బాబాయి సంగతి అమ్మ చెప్పింది" అంది మెల్లగా.

తుమ్ము కూడా ఆగిపోయింది. మా హేతువాద సంఘంలో నాకు ప్రాణంలాంటి స్నేహితుడొకడు ఉండేవాడు. తండ్రి పోయినప్పుడు కర్మలు చేసి, గుండుతో మీటింగుకి వచ్చాడు. "అమ్మ ఏడ్చిందిరా" అన్నాడు. "అమ్మ ఏడిస్తే సిద్ధాంతం మారుద్దా?" అని లేచి, బహిష్కరణ తీర్మానం పెట్టింది నేనే. చేతులన్నీ లేచాయి. అందరికంటే ఎత్తుగా లేచింది నాది. తర్వాత వాడు దర్శిలో పురుగుమందుల కొట్టు పెట్టాడు. బస్సు ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నేను అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాణ్ణి.

కల్లంలో మా మాటలు వింటున్న పెద్దామె ఒక తాలుకాయ తుంచి వాసన చూసి, "రంగు పోయిందని పక్కనేస్తాం గానీ, ఇదీ ఆ చెట్టు కాయే. కొరికి చూడండి, కారం పోయిందేమో!" అంది. మా ఇద్దరిలో ఎవరితో అందో ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం మేనకోడలు దాచేపల్లి పిల్లకి ఫోన్ చేసింది. "ఏంటే, మీ లెక్క తగ్గిందా?" అందట అవతలి పిల్ల. ఇది ఏడ్చింది. ఆ పిల్లను తిరిగి చేర్చినందుకు వారం తిరక్కుండా మిగతావాళ్ళు ఆ పిల్లతోపాటు దీన్నీ తీసేశారు. ఇప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఆ గ్రూపులో ఇద్దరూ లేరు. పాటలు మాత్రం వింటున్నారు, చప్పుడుతో.

నేను నెల తర్వాత దర్శిలో ఆ కొట్టు దగ్గర బస్సు దిగాను. వాడు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఏరా, మీటింగు ఇప్పటికైపోయిందా?" అన్నాడు.

టీ తెప్పించాడు. క్షమించాడో లేదో చెప్పలేను. నా అనుమానం నాకుంది. గుండు మీద జుట్టు నెలలో మొలుస్తుంది. నేను ఆ కొట్టు మెట్టెక్కేసరికి అదంతా ముగ్గుబుట్టయిపోయింది.

మీకీపాటికి ఒక పేరు గుర్తొచ్చే ఉంటుంది. ఇక చదివింది చాలు. ఆ మనిషికి ఫోన్ చేయండి, ఇప్పుడే.