అంగుళమున్నర ఆవు

పుంగనూరు బస్సుల్లో మోకాళ్ళకు చోటుండదని నేను డెబ్బైల నుంచీ మొత్తుకుంటున్నాను. ఎవరూ పట్టించుకోలేదు. కాలేజీ రోజుల్లో ఆ బస్సెక్కి నా రూమ్మేటు ఊరికి వెళ్ళి, వాళ్ళ పుంగనూరు ఆవు ఎత్తు టేపుతో కొలుచుకొచ్చాను. మదనపల్లెలో మా కాలేజీ ఎగ్జిబిషన్‌కు అట్టమీద బుల్లి పల్లెటూరు కడుతున్నాను మరి. ఇళ్ళకు చీపురుపుల్లల కప్పు, పచ్చరంగు కలిపిన రంపపుపొట్టు గడ్డి. అడుగుకు అరంగుళం లెక్క. ఆవు మూడడుగులే కాబట్టి బంకమట్టితో, అగ్గిపుల్లల కాళ్ళతో అంగుళమున్నర దగ్గర ఆగింది.

"ఇది ఆవా, మేకపిల్లా? కొలత తప్పినావప్పా, ప్రైజు రాదు" అన్నారు లెక్చరరుగారు.

ప్రైజు వచ్చేసిందని నేను అప్పటికే ఇంటికి ఉత్తరం రాసి ఉన్నాను. ఎగ్జిబిషన్ చూడ్డానికి వచ్చిన రూమ్మేటు వాళ్ళ నాయనను సాక్ష్యానికి లాక్కొచ్చాను. ఆయన గొంతుకూర్చుని, చుట్టూ తిరిగి చూశాడు.

"కొలత సరిగ్గానే ఉండాది సార్."

నేను లెక్చరరుగారి వైపు కాస్త వినయంగానే చూశాను. రూమ్మేటు వాళ్ళ నాయన నావైపు తిరిగాడు.

"అయితే యాలప్పా, మా ఆవును కొలిచిపోయి ఈడ పందిని చేసి పెట్టినావు?"