నిమ్మతొక్కల టీచరమ్మ

మిర్యాలగూడల నేను పనిజేసిన ఇంటి టీచరమ్మ నిమ్మతొక్కలు, కుంకుడుకాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లతోనే నేల తుడిపిచ్చేది. మనుమరాలు పాకే ఇల్లాయె. "నోట్ల పెట్టరానిది నేల మీద పొయ్యకే" అని రోజూ అనేది. మొగడు లేనిదాన్ని, ఆ పని పోతే నా పొయ్యి మండది. అయినా నా తెలివి ఊకుంటదా? తొందరగ తెల్లగైతదని దొంగతనంగ యాసిడ్ తెచ్చి వంటింటి బండల మీద పోసిన. అరచేతులు పొక్కితే కొంగుల దాసుకున్న.

"చేతులు సూపెట్టు" అన్నది టీచరమ్మ, యాసిడ్ వాసన పసిగట్టి.

ఇగ పని ఖతం అనుకున్న. ఆమె నా చేతులు కడిగి, నన్ను కుర్సీల కూసోబెట్టి, పిల్లను నా ఒళ్లో ఏసి, తనే బండలు కడగబట్టింది. నేను సిగ్గుతోటి సచ్చిపోవాలె కదా? "ఆ మూలకు జర గట్టిగ రుద్దుండ్రి, టీచరమ్మా" అన్న.