జేజినాయన చెంప ఆనించిన చోటు

మా పక్క దయ్యం పట్టినవాళ్లలో సగం మందికి రక్తం తక్కువ, మిగతా సగం మందికి పని తక్కువ. ఇది నా అభిప్రాయం. ఇప్పటికీ మార్చుకోలేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. కారణం తెలిసినవాళ్లు చెప్పండి.

మాది బెళుగుప్ప పక్కన పల్లె. ఇంట్లో ఒక రెండు గొట్టాల తుపాకి ఉంది. దొరల కాలంది. గొట్టం మీద బర్మింగ్‌హామ్ అని చెక్కి ఉంటుంది. మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ల నాయన, వేరుశెనగ చేలో పడే అడవిపందుల కోసం లైసెన్సు తీసుకుని కొన్నాడు. వానలు తప్పి చేను ఎండిన ఏళ్లలో పందులు కూడా మమ్మల్ని వదిలేసి పోయినాయి. ఆయన మాత్రం కావలి మానలేదు. ఏం కాసినాడో ఆయనకే తెలియాలి.

ఆయన కుడి కంటికి పొర వచ్చింది. అందుకని తుపాకిని ఎడమ భుజానికి పెట్టి, ఎడమ కంటితో గురి చూసేవాడు. అట్లా ఏళ్ల తరబడి చెంప ఆనించి ఆనించి, వెనక చెక్కకు కుడి పక్కన వార్నీషు అరిగిపోయి, అరచేయంత నల్లటి మచ్చ పడింది. మనిషికి నశ్యం అలవాటు. మచ్చకు కూడా ఆ వాసనే.

అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు. మా జేజికి, అంటే ఆయన పెండ్లానికి, రెండు కండ్లూ కనపడవు. రోజూ పొద్దున కాఫీ తాగినాక తుపాకి తెప్పించుకుని, ఒళ్లో పెట్టుకుని, మచ్చ మీద బొటనవేలు రుద్ది వాసన చూసేది. "ఉండాడులే" అని తిరిగి ఇచ్చేసేది, బడిలో హాజరు వేసినట్టు.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. మా సీమలో అది పెళ్లిచూపుల కంటే ఎక్కువ. ఎవరి తుపాకి ఎట్లుందో వరసలో అందరూ చూస్తారు. కిందటి ఎన్నికల్లో, వరసలో మా ముందు నిలబడిన పక్క ఊరి పెద్దమనిషి మాది చూసి, "ఏమప్పా, ఇది తుపాకా, మీ జేజి ఊతకర్రా?" అన్నాడు. స్టేషనంతా నవ్వింది. ఊర్లో అందరి మీదా జోకులేసే నేను ఆ రోజు మచ్చ కనపడకుండా చేయి అడ్డం పెట్టుకున్నాను.

అందుకే ఈసారి అప్పజెప్పే ముందు పాలిష్ పట్టించాలనుకున్నాను. అనంతపురంలో తుపాకుల అంగడి ముసలాయన్ను అడిగితే, "చెక్క జోలికి పోవద్దప్పా. నూనె గుడ్డతో తుడిచి పెట్టుకో" అన్నాడు. మా ఊరి వడ్రంగిని అడిగితే, "మూడు కోటింగులు కొడితే పెళ్లి మంచం మాదిరి మెరుస్తాది" అన్నాడు. నాయన్ను అడిగితే, "మీ జేజిని అడుగు పో" అన్నాడు.

అడగాల్సిన మనిషిని తప్ప అందరినీ అడిగినాను. పెళ్లి మంచం గెలిచింది.

వడ్రంగి మా వసారాలోనే గరుకు కాగితం పట్టినాడు. మచ్చ పొడిపొడిగా రాలింది. చీపురుతో ఊడ్చి దిబ్బలో పోసింది నేనే.

మర్నాడు జేజి బొటనవేలు చెక్క మీద సర్రున జారింది. వాసన చూసింది. "ఇది మనది కాదు."

"మనదే జేజీ, పాలిష్ పట్టించినా."

"కండ్లు లేవు గానీ నాకు వేళ్లుండాయిరా. ఆయన్ను యాడనో అమ్ముకోని, ఎవరిదో తెచ్చి నా ఒళ్లో పెడతాండారు."

తుపాకి మీదున్న నంబరు చదివి వినిపించినాను. నంబరు విని మొగుణ్ని గుర్తుపట్టే ఆడది యాడుంటుంది? మళ్లీ ఎప్పుడూ తుపాకి తెమ్మనలేదు.

కొత్త గోనెగుడ్డలో చుట్టి, నాయన తాడు కట్టినాడు. స్టేషన్లో విప్పి చూపించినప్పుడు ఆ పెద్దమనిషి ఉన్నాడు. "భలే ఉండాదే" అన్నాడు. గెలిచినాననే అనుకున్నాను. నంబరు రాసుకున్నాక నాయన మళ్లీ కట్టినాడు. పోలీసులు ముడి మీద చీటీ అతికించి, గదిలో పెట్టి తాళం వేసినారు.

ఇరవై రోజులకు జేజి మంచాన పడింది. నాయన్ను ఒకటే అడిగేది. "తుపాకి ఎవరికిచ్చినార్రా?"

"స్టేషన్లో ఉండాదమ్మా."

"అబద్ధాలు చెప్పొద్దురా."

నాయన స్టేషనుకు పోయి, ఒక్క పూట ఇమ్మని బతిమాలినాడు. ఎన్నికలు అయ్యేదాకా కుదరదన్నారు. వాళ్లది తప్పు కాదు. ఇచ్చినా మెరిసేదే కదా ఇచ్చేది. మేం అమ్ముకున్నామనే నమ్మకంతోనే జేజి పోయింది.

ఫలితాలు వచ్చినాక నేనూ నాయనా తెచ్చుకోను పోయినాం. పట్టపగలు, చుట్టూ పది మంది. చీటీ అతికించినట్టే ఉంది. ముడి నాయన వేసిందే. విప్పితే, కుడి పక్కన, అదే చోట, అరచేయంత మేర వార్నీషు లేదు. చెక్క నల్లగా, నున్నగా అరిగి ఉంది. నశ్యం వాసన. ఎడమ పక్క మాత్రం పెళ్లి మంచం మెరిసినట్టు మెరుస్తాంది.

నంబరు మూడు సార్లు చూసినాను. మాదే. పక్కనున్న తుపాకులకు ఏమీ కాలేదు. కానిస్టేబులు "ఎలుకలేమో" అన్నాడు. మా పక్క ఎలుకలు నశ్యం వాడవు. వడ్రంగికి చూపిస్తే, "వేడికి వార్నీషు లేస్తే పొలుసులు రాలతాయన్నా. ఇది ఏండ్లు రుద్దితే అరిగినట్టుండాది" అన్నాడు. మళ్లీ పాలిష్ పడతావా అంటే, గరుకు కాగితాలు సంచిలో వేసుకుని పోయినాడు.

సరే, జేజినాయనే వచ్చినాడనుకుందాం. వచ్చేవాడు జేజి బతికున్నప్పుడు, ఆమె ఒళ్లోకి రావాలి గదా. తాళం వేసిన గదిలో, గోనెగుడ్డ లోపలికి వచ్చి ఎవరికి లాభం? మా ఇంట్లో దయ్యాలక్కూడా టైము తెలీదు.

దీనికి కారణం నాకు ఇప్పటికీ తెలీదు. పొద్దున కాఫీ తాగినాక తుపాకి దించి, ఆ మచ్చ మీద నేను బొటనవేలు రుద్ది చూస్తాను. వాసన వస్తాది.

ఉండాడు. చెప్పేదానికి జేజి లేదు.