బిడ్డను అడిగినావా?

మా ఆసుపత్రి పెద్ద నర్సు, మేము సిస్టరమ్మ అనే మనిషి, పోయిందని నిన్న పొద్దున శ్రీకాళహస్తి నుంచి ఆమె తమ్ముడు వచ్చి చెప్పాడు. సెలవు మీద ఇంటికి వెళ్లిన మనిషి, జ్వరంతో అటే వెళ్లిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయమే. మా వార్డులో ఉన్న నగరి నేతపనివాళ్ల పిల్ల ఇక ఎవరి చేతి ముద్ద తింటుంది?

మా వార్డు పక్కకు రావడానికే జంకే మీకు ఆమె తెలిసి ఉండదు. మతి చెదిరిన చిన్నవయసు పిల్లలను చూసుకునే మాలాంటి ఆయాలకు పని నేర్పింది ఆమే. చేరిన రోజే ఒక్కొక్కరినీ ఖాళీ గదిలో పెట్టి బయట గడియ వేసేది. "తలుపు ఎవురు తీస్తారో తెలీకుండా ఒకతూరి కూసోండి. ఆ పైన మందు పట్టుకోని రాండి." నేను కాసేపటికే కేకలు పెట్టాను. తలుపు తీసి, మజ్జిగ చేతికిచ్చి, "గొంతు బాగుండాది మే, పాటలు నేర్చుకో" అని నవ్వింది. గడియ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ గుండెదడ. ఆ దడే నాకు పని నేర్పింది.

నగరి పిల్ల వచ్చిన కొత్తలో, కూట్లో విషం కలిపారని ముద్ద ముట్టేది కాదు. దిష్టి తగిలిందేమోనని నాతోపాటే పనిలో చేరిన ఆయా ఒకామె ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. మూసిన గదిలో ఆ ఘాటుకు పిల్ల దగ్గి దగ్గి, చంపేస్తున్నారని అరుస్తూ మూలకు చేరింది. ఆయా పని ఊడిందే అనుకున్నాం. సిస్టరమ్మ మాత్రం, "దిష్టి తీయొద్దని నేను అననులే. బిడ్డను అడిగినావా?" అంది, అంతే. తలుపు బార్లా తెరిచి గడప మీద కూర్చుంది. సాయంత్రానికి పిల్ల తానే వచ్చి నీళ్లడిగింది. ముద్ద అడగడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

నిన్నటి నుంచి ఆ పిల్ల "సిస్టరమ్మ యాడికి పోయింది?" అని ఒకటే అడగడం. చెప్పొద్దన్నారు డాక్టరుగారు. చెబితే మళ్లీ తిండి మానేస్తుందని నాకూ భయమే. కానీ సిస్టరమ్మ అంటుండేది: "ఈ బిడ్డలకు ఒక అబద్ధం చెప్తే, రేపు నువ్వు పెట్టే కూడు గూడా అబద్ధమే అనుకుంటారు." డాక్టరుగారిని బతిమాలి ఒప్పించాను.

ఈ మధ్యాహ్నం సంగటి పళ్లెం పట్టుకుని వెళ్లి చెప్పాను. పిల్ల గోడవైపు తిరిగింది. లేచి వెళ్లిపోవాలనిపించినా కూర్చున్నాను. చాలాసేపటికి ఇటు తిరిగి, "నువ్వు తిన్న్యావా అక్కా?" అంది.

లేదన్నాను. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు.

సంగటిని రెండుగా తుంచి ఒకటి నా వైపు నెట్టింది. నేను మింగేదాకా నా ముఖమే చూస్తూ ఉండి, అప్పుడు తన ముద్ద నోట్లో పెట్టుకుంది.